కృతజ్ఞత కూడికలో ప్రార్థన నన్నే చేయమన్నారు, ఎలా చేయాలి?

కృప_తెనాలి:
అందరికీ వందనాలు. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిపోయింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయ్యాక మొన్న తీసిన స్కానింగ్‌లో ఏమీ లేదని డాక్టర్ గారు చెప్పారు, దేవునికి స్తోత్రం. వచ్చే శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. పాస్టర్ గారు వాక్యం చెప్తారు, అమ్మ సాక్ష్యం చెప్తుంది, ప్రార్థన మాత్రం నన్నే చేయమన్నారు.

నాకు రెండు సందేహాలు. మా ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన ఉంటుంది కానీ గమనిస్తే అందులో కృతజ్ఞత రెండు మాటలే. "ఈ దినమంతా కాచి కాపాడినందుకు స్తోత్రం" అనేసి వెంటనే తమ్ముడి ఉద్యోగం, నాన్న షుగర్, ఇంటి లోను, ఇలా అడగడంలోకి వెళ్లిపోతాం. పూర్తిగా కృతజ్ఞతే ఉండే ప్రార్థన ఎలా చేస్తారు?

రెండోది పెద్దది. మా వీధిలోనే ఉండే ఒక ఆంటీ వాళ్ల ఆయనకి కూడా అమ్మతో పాటే చికిత్స జరిగింది. ఇద్దరికీ ఒకే రోజు కీమో పడితే ఒకే కారు మాట్లాడుకుని గుంటూరు వెళ్లేవాళ్లు. ఆయన వర్షాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆంటీ శనివారం తప్పకుండా వస్తానన్నారు, వంట దగ్గర కూడా ఉంటానన్నారు. ఆవిడ ఎదురుగా "మా అమ్మని బ్రతికించావు ప్రభువా" అని ఎలా అనగలను? మా సంతోషం దాచుకోవాలనీ లేదు, ఆవిడ మనసు కష్టపెట్టాలనీ లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎలీషా_కువైట్:
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్, అమ్మగారి విషయం చదివి చాలా సంతోషం. మీ మొదటి ప్రశ్నకి మా రూమ్‌లో చేసేది చెప్తాను. రాజంపేట, కడప, కోనసీమ వాళ్లం కలిసి ఉంటాం. శుక్రవారం ఆరాధనకి బయల్దేరేముందు అందరం ఒకసారి కూర్చుని ప్రార్థన చేసుకుంటాం, అందులో ఎవరూ ఏమీ అడగకూడదని పెట్టుకున్నాం. ఆ వారం జరిగినదాన్ని పేరు పెట్టి చెప్పాలి అంతే. "కాపాడినందుకు స్తోత్రం" అంటే చాలదు, "సోమవారం పైనుంచి పైపు జారిపడ్డప్పుడు కింద ఎవరూ లేరు తండ్రీ, స్తోత్రం", "అకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) రెన్యూ అయింది, స్తోత్రం", "ఇంటికి ఫోన్ చేస్తే పాప మొదటిసారి నాన్నా అంది, స్తోత్రం", ఇలా. మొదట్లో రెండు మాటలయ్యాక ఎవరికీ ఏమీ తోచేది కాదు, ఇప్పుడు బస్సు టైమ్ అయిపోతోందని ఆపాల్సి వస్తోంది. మీరు కూడా మందు పేరు, వార్డు, రక్తం ఇచ్చిన పిల్లలు, కారు డ్రైవర్, అన్నీ చెప్పండి. దేవునికి తెలియక కాదు, మనకి మరుపు ఎక్కువ.

అమ్మగారు_ఉయ్యూరు:
వందనాలు తల్లీ. మా ఆయన సంఘకాపరి, ఇలాంటి కూడికలు చాలా చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కృతజ్ఞత ప్రార్థనకి నాకు తెలిసిన మంచి పద్ధతి 107వ కీర్తనలో ఉంది. అందులో నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు, అడవిలో దారి తప్పి ఆకలితో ఉన్నవాళ్లు, చీకటిలో బంధించబడినవాళ్లు, జబ్బుపడి అన్నం కూడా సహించక మరణం అంచుకి వెళ్లినవాళ్లు, సముద్రంలో తుఫానులో చిక్కుకున్నవాళ్లు. నలుగురి సంగతీ ఒకే వరసలో సాగుతుంది. ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా మొరపెట్టారు, ఆయన ఏం చేశాడు, ఆ తర్వాత స్తుతి. మన ప్రార్థనల్లో చివరిది ఒక్కటే ఉంటుంది, అందుకే రెండు మాటల్లో అయిపోతుంది. నువ్వు మొదటి నుంచి చెప్పు. గడ్డ ఉందని తెలిసిన రోజు మీ ఇంట్లో ఎలా ఉందో చెప్పు, భయపడ్డామని చెప్పు. అన్నం సహించని రోజుల గురించి ఆ కీర్తనలోనే ఉంది, కీమో పడినవాళ్ల ఇంట్లో అది చదివితే ఎవరూ మామూలుగా వినలేరు.

ఇంకొకటి, ప్రార్థన దేవునితో చేస్తున్నామని గుర్తుంచుకో. కొంతమంది కళ్లు మూసుకుని చుట్టూ ఉన్నవాళ్లకి ప్రసంగం చేస్తారు, "ఇక్కడికి వచ్చి ఇంకా మారని వారు కూడా ఈ అద్భుతాన్ని చూసి..." అంటూ. అది వద్దు. పొడుగ్గా ఉండనక్కర్లేదు, గొంతు పెంచనక్కర్లేదు. ఏడుపొస్తే ఆగి మళ్లీ మొదలుపెట్టు.

ఆ ఆంటీ గారి విషయం కొంచెం ఆలోచించి రాస్తాను.

మౌనిక_ఎం:
రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే నేను ఆ ఆంటీ గారి వైపు కూర్చున్న మనిషిని.

మాకు ఏడో నెలలో బాబు పోయాడు. భూస్థాపన రోజునే ఒక పెద్దాయన వచ్చి, ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని వాక్యం ఉంది కదమ్మా, చెల్లించు అన్నారు. ఆయనకి నా మీద ప్రేమ ఉందని నాకు తెలుసు కానీ ఆ రోజు నుంచి చాలా కాలం ఆ వచనం వినపడితే లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని. తర్వాత కూడా మా సంఘంలో పిల్లలు పుట్టారు, కృతజ్ఞత కూడికలు జరిగాయి, నేను వెళ్లాను, మనస్ఫూర్తిగానే వెళ్లాను. ఒకటి నమ్మండి, పక్కవాళ్ల సంతోషం నన్ను నొప్పించలేదు. బిడ్డని ఎత్తుకుని ముద్దు కూడా పెట్టుకున్నాను. నొప్పించింది ఒకే ఒక్క రకం మాట. "మేము విశ్వాసంతో ప్రార్థించాం కాబట్టి దేవుడు చేశాడు." "మేము ఉపవాసం ఉన్నాం కాబట్టి." ఆ "కాబట్టి" వినగానే నా లోపల ఒక్కటే ప్రశ్న, అయితే మేము ప్రార్థించలేదా? మేము ఉపవాసం లేమా? ఆ అంకుల్ కోసం ఆంటీ మోకాళ్ల మీద లేరా?

కాబట్టి కృప గారూ, సంతోషం దాచకండి, దాస్తే ఆవిడకి ఇంకా బాధ, తన వల్లే మీరు నవ్వలేకపోతున్నారని అనుకుంటారు. దేవుడు ఏం చేశాడో చెప్పండి. ఎందుకు చేశాడో చెప్పకండి.

సైమన్_మాస్టారు:
మౌనిక తల్లీ, నీ మాటలు రెండుసార్లు చదివాను. నీ బాబు ప్రభువు దగ్గర ఉన్నాడు.

నువ్వు చెప్పినది సువార్తలోనే ఉంది. లూకా 18లో ఇద్దరు దేవాలయానికి వెళ్తారు గదా, పన్నులు వసూలు చేసే సుంకరి, ధర్మశాస్త్రం గట్టిగా పాటించే పరిసయ్యుడు. పరిసయ్యుడి ప్రార్థన చూడండి, మొదలయ్యేదే కృతజ్ఞతాస్తుతితో. నేను ఇతరుల్లాంటివాణ్ని కానందుకు నీకు స్తుతులు, వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నాను, దశమ భాగం ఇస్తున్నాను అంటాడు. అందులో విన్నపం ఒక్కటి కూడా లేదు, పూర్తిగా కృతజ్ఞతే, అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతను కాదు. పక్కన ఉన్న మనిషిని చూపించి, తన లెక్క చదివి చేసే కృతజ్ఞత దేవుని దగ్గర నిలబడదు. సాక్ష్యాలు చెప్పే మనమందరం ఆ అధ్యాయం పక్కన పెట్టుకుని చెప్పాలి.

దాని ముందు అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు. తిరిగొచ్చి సాష్టాంగపడింది ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. ఆ తొమ్మిదిమంది ఎక్కడ అని యేసు అడిగాడే గానీ, రానందుకు వాళ్ల స్వస్థత వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడా లేదు. స్తోత్రం చెప్పకపోతే ఆశీర్వాదం పోతుందని భయపెట్టేవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇక దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరికి "ప్రతి విషయమునందును" అనే ఆ వచనం ఎత్తుకుని వెళ్లడం. పౌలు ఆ మాట రాయడానికి హక్కున్నవాడు, ఫిలిప్పీ చెరసాలలో వీపు చీరుకుపోయి, కాళ్లు బొండలో (కొయ్య బంధంలో) ఉండగా మధ్యరాత్రి పాడినవాడు. కానీ ఆయన పాడింది తన దెబ్బల మీద, ఇంకొకరి దెబ్బల మీద నిలబడి పాడమనలేదు. 13వ కీర్తన "ఎంతకాలం" అని మొదలై పాటతో ముగుస్తుంది. 88వ కీర్తన అయితే చివరి మాట కూడా చీకటే, అందులో స్తుతి లేనే లేదు, అయినా పరిశుద్ధ గ్రంథంలో ఉంది, ప్రార్థనగానే ఉంది. ఆ ఆంటీ గారు శనివారం స్తోత్రం అనలేకపోతే ఆవిడ 88వ కీర్తనలో ఉన్నారని అర్థం చేసుకోండి, అదీ దేవుని సన్నిధే.

అడగడం గురించి కృప మరీ టెన్షన్ పడనక్కర్లేదు. ఫిలిప్పీయులు 4:6లో విన్నపాలు కృతజ్ఞతతో కలిపే తెలియజేయమన్నాడు. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

కృప_తెనాలి:
మౌనిక అక్కా, మీరు ఇది రాయడానికి ఎంత కష్టపడి ఉంటారో. థాంక్యూ. మరి అంకుల్ పేరు నా ప్రార్థనలో ఎత్తాలా, అసలు ఎత్తకపోవడం మంచిదా?

మరియ_ఫిరంగిపురం:
నేను కథోలిక్‌ని, మా పద్ధతి వేరు కానీ ఈ ప్రశ్నకి పనికొస్తుందనుకుంటున్నాను. మా దగ్గర ఇలాంటి సందర్భాల్లో ఫాదర్ గారితో కృతజ్ఞతా పూజ చెప్పించుకుంటాం. ఆపరేషన్ బాగా జరిగిందనో, పిల్లవాడు పాసయ్యాడనో పూజ పెట్టించుకున్నా, ఆ పూజలో గురువు చేసే ప్రధాన ప్రార్థనలోనే చనిపోయినవాళ్లని జ్ఞాపకం చేసుకోవడం ఉంటుంది. అది ఎవరూ కొత్తగా కలిపేది కాదు, ఎప్పుడూ ఉండేదే. పెళ్లిరోజు పూజకి వచ్చిన కుటుంబం, మొన్ననే మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ఒకే బల్ల ముందు నిలబడతాయి. ఫిబ్రవరి 11న గుణదల మాత పండుగకి కొండ ఎక్కేవాళ్లలోనూ అంతే, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లూ, మొక్కుకోవడానికి వచ్చినవాళ్లూ, ఏమీ అడగలేక కొవ్వొత్తి వెలిగించి నిలబడిపోయినవాళ్లూ ఒకే మెట్ల మీద.

నా మటుకు నేను పేరు ఎత్తమనే అంటాను, కానీ ముందు ఆంటీ గారిని అడగండి. శనివారం దాకా ఆగకండి, ముందే ఇంటికి వెళ్లి "అంకుల్‌ని తలుచుకుని ప్రార్థన చేయనా ఆంటీ" అని అడగండి. ఆవిడ వద్దంటే వద్దు.

అమ్మగారు_ఉయ్యూరు:
మరియ గారు చెప్పినదే నేను రాయబోయాను. భర్త పోయినవాళ్ల ముందు ఆయన పేరెత్తడానికి అందరూ భయపడతారు, పేరు వినపడక వాళ్లు ఇంకా ఒంటరైపోతారు. మా సంఘంలో ఎంతమందిలో చూశానో. అయితే అడిగే చేయాలి.

డోర్నకల్_రాజు:
ఆలస్యంగా చూశాను. భోజనాల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను, అది చిన్న విషయం కాదు.

లేవీయకాండం 7:15లో కృతజ్ఞతగా అర్పించిన బలి మాంసం ఆ రోజే తినేయాలి, మర్నాటికి మిగల్చకూడదు అని ఉంది. ఒక కుటుంబం ఒక పశువుని ఒక్క రోజులో ఎలా తింటుంది? పదిమందిని పిలవాల్సిందే. ద్వితీయోపదేశకాండం 26లో కూడా ప్రథమ ఫలాల గంప తీసుకుని వచ్చినవాడు ముందు తన వంశం కథ చెప్పాలి, మా తండ్రి దిక్కులేనివాడు, ఐగుప్తుకి పోయాడు, అక్కడ బాధపెట్టారు, మొరపెట్టాం, దేవుడు విన్నాడు, ఇదిగో నువ్విచ్చిన నేల పంట, అని. అమ్మగారు చెప్పిన 107వ కీర్తన వరసే ఇదీ. చెప్పి ఊరుకోకుండా మందిర సేవ చేసే లేవీయుడితో, మధ్యలో ఉన్న పరదేశితో కలిసి సంతోషించాలి.

మా డోర్నకల్ వైపు పంట పండుగ చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వడ్ల బస్తాలు, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, ఇంట్లో కుట్టిన సంచులు, ఎవరికి ఉన్నది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక బయట వేలం. బజారులో ఎంతకో దొరికే సొరకాయ అక్కడ ఎన్నో రెట్లు పలుకుతుంది, ఎందుకంటే పాడేవాడు కొనడానికి పాడట్లేదు, ఇవ్వడానికి పాడుతున్నాడు. 1912లో ఇక్కడి బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే, పల్లె సంఘాలకి ఇవ్వడం గురించి బాగా నేర్పారు. అప్పటి సభ్యుల్లో ఎక్కువమంది కూలి చేసుకునే మాల మాదిగ కుటుంబాలే, చేతిలో డబ్బు ఆడేది కాదు. మా నాయనమ్మ వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి కుండలో వేసేది, ఆదివారం ఆ కుండ మందిరానికి వెళ్లేది. ఆమెకి చదువు రాదు, నోటితో పెద్ద ప్రార్థన చేయగా నేను వినలేదు. ఆ పిడికెడే ఆమె కృతజ్ఞతాస్తుతి.

కాబట్టి కృప చెల్లీ, పలావు ఎక్కువే వండించు. ఆస్పత్రికి తీసుకెళ్లిన కారు డ్రైవర్‌ని, మందుల షాపు అబ్బాయిని, వాళ్లు ఏ మతమైనా, పిలువు. ఆంటీని వంట దగ్గర మాత్రం ఉంచేయకు, తెచ్చి అమ్మ పక్కన కూర్చోబెట్టు.

ఎలీషా_కువైట్:
అన్నా, ఆ చివరి మాటకి ఆమేన్.

ఒంగోలు_దీవెన:
ఒక అలవాటు చెప్తాను, మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ఉంది. అడిగినవన్నీ ఒక నోట్ బుక్‌లో తారీకు వేసి రాస్తాం, ఎడమ పేజీలో అడిగినది, కుడి పేజీ జవాబు కోసం ఖాళీ. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకి వెళ్లేముందు అది తీసి చదువుతాం. జవాబు వచ్చినవి చాలావరకు మనం మర్చిపోయినవే ఉంటాయి. కొన్ని కుడి పేజీలు ఖాళీగానే ఉంటాయి, వాటిని కొట్టేయం, అలాగే వదిలేస్తాం.

మాకు ఈ అలవాటు ఎందుకొచ్చిందంటే మాది ప్రార్థన కొండ ఉన్న ఊరు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొర దంపతులు, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. వాళ్లు అడిగిన ఆ మిషనరీ, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు. ఆ తర్వాత 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి ఆయన పని కల్పించడం, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది నదిలో బాప్తిస్మం తీసుకోవడం, ఇవన్నీ మా ఇళ్లల్లో కథలుగా చెప్తారు. అయితే నేనెప్పుడూ అనుకునేది, ఆ కరువులో పోయిన మనుషుల ఇళ్లల్లోంచి కూడా ఆ నది ఒడ్డుకి వచ్చి ఉంటారు కదా. వాళ్ల స్తోత్రంలో ఏడుపు లేకుండా ఎలా ఉంటుంది? కృప గారి ఇంట్లో శనివారం రెండూ ఉంటే అది తప్పేం కాదు.

కృప_తెనాలి:
నిన్న ఆంటీ దగ్గరికి వెళ్లి అడిగాను. పేరు ఎత్తమన్నారు, ఎత్తకపోతేనే బాధగా ఉంటుందన్నారు. ఇదిగో రాసుకున్నది, చూసి చెప్పండి. అంకుల్ పేరు ఇక్కడ పెట్టట్లేదు.

"తండ్రీ, నీకు వందనాలు. అమ్మకి గడ్డ ఉందని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవ్వరం అన్నం తినలేదు. నీకు ఎలా మొరపెట్టాలో కూడా తెలియక ఊరికే ప్రభువా ప్రభువా అన్నాం. నువ్వు విన్నావు. మా విశ్వాసాన్ని చూసి మా మొర ఆలకించావు. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారి చేతుల కోసం స్తోత్రం. రాత్రుళ్లు వాంతులు ఎత్తిపోసిన ఆయమ్మ కోసం స్తోత్రం. రక్తం ఇచ్చిన కాలేజీ పిల్లల కోసం, వాళ్ల పేర్లు మాకు తెలియదు, నీకు తెలుసు, వాళ్ల కోసం స్తోత్రం. ఆరోగ్యశ్రీలో పేరు రావడానికి మాతో పాటు తిరిగిన అన్నయ్య కోసం స్తోత్రం. అమ్మ జుట్టు మళ్లీ వస్తోంది, స్తోత్రం. అమ్మతో పాటు ఒకే కారులో వచ్చిన అంకుల్ కోసం స్తోత్రం. దారంతా ఆయన పాడుతూ అమ్మ భయం పోగొట్టేవారు. ఆయన్ని మా మధ్య ఉంచినంత కాలం కోసం స్తోత్రం. ఆయన్ని ఎందుకు తీసుకెళ్లావో మాకు తెలియదు. ఆంటీ చెయ్యి వదలకు. మాకిచ్చిన ఈ రోజులు నీవి. యేసు నామంలో, ఆమేన్."

మౌనిక_ఎం:
ఏడిపించేశారు. ఒక్క వాక్యం తీసేయండి, "మా విశ్వాసాన్ని చూసి మా మొర ఆలకించావు." దాని ముందు "నువ్వు విన్నావు" ఉంది, అది చాలు.

కృప_తెనాలి:
తీసేశాను అక్కా.

సైమన్_మాస్టారు:
"వాళ్ల పేర్లు మాకు తెలియదు, నీకు తెలుసు" అన్నచోట కాసేపు ఆగమ్మా. వెంటనే తర్వాతి మాటకి వెళ్లకు.

మెదక్_తమ్ముడు:
ఈ చర్చ చదువుతూ ఉంటే నాకూ ఒక సందేహం వచ్చింది, అన్నలు అక్కలు చెప్పాలి. మా దగ్గర ఒక సంఘంలో కృతజ్ఞత కానుకల కవర్ల మీద పేరు, ఎంత వేశారో రాయాలి, మైకులో చదువుతారు. పెద్ద మొత్తాలకి చప్పట్లు. మా అమ్మ బీడీలు చుడుతుంది, ఆమె వేసింది చదివినప్పుడు తల దించుకుంటుంది. పోయిన సంవత్సరం నుంచి కవరు వేయడమే మానేసింది. కృతజ్ఞత చెప్పాలని ఉంది కానీ ఇలా వద్దు అంటోంది. ఏం చేయాలి?

డోర్నకల్_రాజు:
తమ్ముడూ, మార్కు 12లో యేసు కానుకపెట్టె ఎదురుగా కూర్చుని చూశాడు, ఆ విధవరాలు వేసింది రెండు కాసులు. అందరికంటే ఎక్కువ వేసింది ఈమే అని శిష్యులని పిలిచి మరీ చెప్పాడు. మైకు పట్టుకున్నవాళ్లకి ఆ భాగం చూపించి మర్యాదగా మాట్లాడు, ఒక్కడివే వద్దు, ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లని తీసుకెళ్లు. మొత్తం కలిపి ఇంత వచ్చిందని చదివితే లెక్కకి లెక్కా ఉంటుంది, ఎవరి తలా దించుకోదు.

అమ్మగారు_ఉయ్యూరు:
మేము పేర్లు మాత్రమే చదువుతాం, మొత్తాలు చదవం. మొదట్లో కొందరికి నచ్చలేదు, కానుకలు తగ్గుతాయన్నారు. ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తట్లేదు. పేరు కూడా వద్దనుకునేవాళ్లు "ఒక సహోదరి" అని రాస్తారు, అలాగే చదువుతాం. కమిటీ ఒప్పుకునేదాకా మీ అమ్మగారిని కవరు లేకుండా నేరుగా పెట్టెలో వేయమను నాయనా. ఆమె పేరేంటో చెప్పు, రేపు మా ఉదయ ప్రార్థనలో తలుచుకుంటాం.